ఇంజనుకు చుట్టాలున్నారు, బంపరుకు లేరు: డాట్సన్ గోతో పదకొండేళ్లు

2014 ఆగస్టులో విశాఖపట్నం నుంచి ఇంటికి తెచ్చుకున్న మా డాట్సన్ గో కారుకు పదకొండేళ్లు నిండాయి. మీటరు 1,38,000 కిలోమీటర్లు దాటింది. కారు ఇంకా రోజూ నడుస్తోంది గానీ దాని బ్రాండు మన దేశంలో లేదు. చెన్నై ప్లాంటులో డాట్సన్ మరో చిన్న కారు రెడీ గో ఉత్పత్తి ఆపేశామని 2022 ఏప్రిల్‌లో ఈ బ్రాండు సొంతదారు నిస్సాన్ ప్రకటించింది. గో, దాని పొడుగు రూపమైన గో ప్లస్ అంతకుముందే ఆగిపోయాయి. అప్పటి నుంచి నేను ‘కంపెనీ వెళ్లిపోయిన కారు’ నడుపుతున్నవాణ్ణి.

ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో చాలా తక్కువకు వస్తోంది, కొనవచ్చా అని స్టాఫ్ రూములోనూ పెళ్లిళ్లలోనూ అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. రెండు ముక్కల్లో చెప్పి తప్పించుకోగల ప్రశ్న కాదది. కొత్త కారుగా ఉన్నప్పుడు అది నాకేం ఇచ్చిందో, కంపెనీ వెళ్లాక ఏం మారిందో పూర్తిగా చెప్తేనే అడిగినవారికి మేలు.

నేను విజయనగరంలో ఉంటాను. గజపతినగరం వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెప్తాను. కారు కొనేనాటికి మా అమ్మాయికి ఐదేళ్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్టెక్కడమే కష్టం. చేతిలో ఉన్న డబ్బుకు అప్పట్లో 800 సీసీ కారు దగ్గరే ఆగిపోవాల్సి వచ్చేది. అలాంటి సమయంలో డాట్సన్ గో వచ్చింది. 1,198 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, 68 హెచ్‌పీ శక్తి, ఢిల్లీ ఎక్స్ షోరూం ధర రూ.3.12 లక్షల నుంచి. నేను కొన్నది పై రకం. పవర్ స్టీరింగ్, ఏసీ, ముందు తలుపులకు పవర్ విండోలు ఉన్నది. లైఫ్ ట్యాక్స్, బీమా అన్నీ కలిపితే నాలుగు లక్షల పైచిలుకైంది.

లోపల కూర్చుంటే ఎక్కడెక్కడ పొదుపు చేశారో మొదటి రోజే కనిపిస్తుంది. గేర్ రాడ్ కింద ఉండదు, డ్యాష్ బోర్డుకే ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ కూడా స్టీరింగ్ పక్కన, డ్యాష్ బోర్డు కిందుగా ఉన్న పిడిని లాగి వేసేదే. అందువల్ల ముందు సీట్ల మధ్య అడ్డం ఉండదు, రెండు సీట్లనూ కలుపుతూ మధ్యలో ఒక చిన్న మెత్త. అమ్మ ఆ మెత్త మీద చేతి సంచి పెట్టుకుని కూర్చునేది. ముందు అద్దానికి ఒకే ఒక్క పెద్ద వైపర్. సామాను పెట్టుకునే అరకు మూత లేదు. రేడియో, సీడీ ప్లేయర్ లేవు. ఫోను పెట్టుకోవడానికి ఒక స్టాండు, ఛార్జింగుకు ఒక యూఎస్‌బీ రంధ్రం, పాటలకు ఒక తీగ, అంతే. ఇవేవీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. వెనుక సీట్లో కాళ్లు చాపుకునేంత చోటు ఉంది, కిటికీల్లోంచి వెలుతురు బాగా వస్తుంది, సీటు ఎత్తు అమ్మ మోకాళ్లకు సరిగ్గా సరిపోయింది. మా ఇంటికి కావలసింది అదే.

ఇంజను గురించి ఎంత మంచి చెప్పినా తక్కువే. కారు బరువు తక్కువ, ఇంజను పెద్దది. గేరు మార్చకుండానే లారీని దాటగలిగేంత ఊపు ఉంటుంది. మా దారి రాయపూర్ వెళ్లే జాతీయ రహదారి, లారీల రద్దీ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈ సంగతి నాకు ముఖ్యం. నలుగురితో అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు ఆరేడుసార్లు వెళ్లాం. మలుపుల దగ్గర రెండో గేరు, తిన్నని చోట మూడో గేరు. ఒక్కసారి కూడా ఇంజను వేడెక్కి ఆగలేదు. కంపెనీ లీటరుకు 20.63 కిలోమీటర్లని చెప్పింది. నాకు ఏసీతో 17, లేకుండా మెల్లగా వెళ్తే 19 వరకు వచ్చింది, ఇప్పటికీ 16కు తగ్గలేదు. పదకొండేళ్లలో క్లచ్ ఒకసారి, ముందు షాక్ అబ్జార్బర్లు ఒకసారి, బ్యాటరీ మూడుసార్లు, టైర్లు మూడుసార్లు మార్చాను. ఇంజనును విప్పాల్సిన అవసరమే రాలేదు.

కొన్న రెండో నెలలో, అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు రోజుల తరబడి లేదు. మా వీధిలో చాలామంది ఆ యూఎస్‌బీ రంధ్రానికి వంతులవారీగా ఫోన్లు తగిలించి, హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఉన్న పిల్లలకు ‘బాగానే ఉన్నాం’ అని చెప్పుకున్నారు. పక్కింటి పెద్దావిడ కారు బానెట్‌ను ఆవుపిల్లను నిమిరినట్టు నిమరడం నాకు బాగా గుర్తు. ఆ కారు మా వీధి అందరిదీ అయిపోయిన వారం అది.

ఆ నెల తిరగకముందే, నవంబరు మొదటి వారంలో, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఫలితాలు వచ్చాయి. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దించిన పరీక్షలో పెద్దల భద్రతకు డాట్సన్ గోకు వచ్చింది సున్నా. ఎయిర్‌బ్యాగులు లేని చిన్న కార్లకు సున్నా రావడం ఆ రోజుల్లో కొత్త కాదు. అదే ఏడాది జనవరిలో పరీక్షించిన ఐదు కార్లకూ సున్నాలే వచ్చాయి. కానీ గో విషయంలో వాళ్లు ఇంకో మాట అన్నారు. బాడీయే ఎంత బలహీనంగా ఉందంటే ఎయిర్‌బ్యాగులు పెట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదన్నారు. ఆ సంస్థ చైర్మన్ మాక్స్ మోస్లీ ఈ కారును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమని నిస్సాన్ అధినేత కార్లోస్ ఘోన్‌కు లేఖ రాశారు. భారతదేశ నిబంధనలన్నీ పాటించామని కంపెనీ జవాబిచ్చింది. నిజమే, అప్పటి మన నిబంధనల్లో ఇలాంటి గుద్దుడు పరీక్షే లేదు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది కూడా 2019 జులైలోనే.

ఆ వార్త చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ముందు సీట్లో అమ్మను, వెనుక పాపను కూర్చోబెట్టి వారానికి రెండుసార్లు విశాఖ వెళ్లొస్తున్న రోజులవి. అమ్మేద్దామా అంటే మూడు నెలల కారుకే లక్ష రూపాయల నష్టం. ఉంచుకున్నాం. కొన్ని నియమాలు పెట్టుకున్నాను. వేగం 70 దాటకూడదు, రాత్రి హైవే మీదికి వెళ్లకూడదు, వెనుక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. ఈ పదకొండేళ్లలో వీటిని తప్పలేదు. 2018 అక్టోబరులో వచ్చిన కొత్త గోలో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ అన్ని రకాల్లోనూ ఇచ్చారు. ఆ పని మొదటి రోజే చేసి ఉంటే ఈ బ్రాండు రాత వేరుగా ఉండేదని నా గట్టి నమ్మకం.

ఆ రాత ఏమిటో కూడా చెప్పాలి. డాట్సన్ పేరుకు వందేళ్ల చరిత్ర ఉంది. 1914లో జపాన్‌లో ముగ్గురు పెట్టుబడిదారుల ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ‘డాట్’ అనే కారు వచ్చింది. 1931లో దానికంటే చిన్న కారు చేసి ‘డాట్ కొడుకు’ అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషు పేరు పెట్టారు. జపనీస్‌లో ‘సొన్’ అంటే నష్టం అనే అర్థం కూడా ఉండటంతో, స్పెల్లింగులో ‘son’ను ‘sun’గా మార్చి కొడుకును సూర్యుణ్ణి చేశారు. అమెరికాలో ఒక తరానికి జపాన్ కారంటే డాట్సనే. అయినా ప్రపంచమంతా నిస్సాన్ పేరే ఉండాలని 1981లో నిర్ణయించి ఆ పేరును మెల్లగా తీసేశారు. 2012లో ఘోన్ దాన్ని తిరిగి లేపారు, ఈసారి మొదటిసారి కారు కొనేవాళ్ల కోసం, భారత్, ఇండోనేషియా, రష్యా, దక్షిణాఫ్రికాల్లో. 2013 జులైలో ఢిల్లీలో గోను ఆయనే ఆవిష్కరించారు. 2016 నాటికి మన మార్కెట్లో పది శాతం వాటా నిస్సాన్ లక్ష్యం. దాని దరిదాపులకు కూడా చేరలేదు.

ఎందుకు చేరలేదో నా అనుభవం నుంచి చెప్తాను. మన ఇళ్లలో మొదటి కారంటే శుభకార్యం. గుడి ముందు ఆపి, నిమ్మకాయలు తొక్కించి, ఊరికి తీసుకెళ్లి చూపించుకునేది. చవకదనమే గొప్పగా చెప్పుకునే కారును అలా చూపించుకోవడం కష్టం. పైగా 2015 సెప్టెంబరులో, గో తయారైన అదే చెన్నై దగ్గరి ఒరగడం ప్లాంటు నుంచి, అన్నదమ్ముల వంటి కంపెనీ రెనో క్విడ్‌ను తెచ్చింది. చిన్న ఇంజనైనా ఎత్తుగా, ఎస్‌యూవీ రూపంలో ఉండేసరికి జనం అటు వెళ్లారు. అదే పునాది మీద డాట్సన్ 2016లో రెడీ గో తెచ్చింది గానీ అప్పటికే సున్నా మచ్చ పడిపోయింది. 2018 నవంబరులో ఘోన్ టోక్యోలో అరెస్టయ్యారు. ఈ బ్రాండును పట్టుకుని నిలబడే మనిషి కంపెనీలో లేకుండా పోయారు. 2020లో రష్యా, ఇండోనేషియా నుంచి వెళ్లిపోయారు. అదే ఏడాది చివర్లో ఇక్కడ నిస్సాన్ తెచ్చిన చిన్న ఎస్‌యూవీ మాగ్నైట్ బాగా అమ్ముడై, నిస్సాన్‌కు తన సొంత పేరే చాలని తేలింది. మా వంతు 2022లో వచ్చింది.

సర్వీసు, విడిభాగాలు, వారంటీ తమ డీలర్ల ద్వారా కొనసాగుతాయని ఆ ప్రకటనలోనే చెప్పారు. అందుకే వార్త చదివి నేను కంగారుపడలేదు. మా మెకానిక్ మాత్రం ఆ రోజే ఒక మాట అన్నాడు. 2017లో షెవర్లే అమ్మకాలు ఆగినప్పుడూ, 2021లో ఫోర్డ్ ఉత్పత్తి ఆపేసినప్పుడూ ఆ కార్లవాళ్లు తన షెడ్డుకే వచ్చారట. "మాస్టారూ, మీ ఇంజనుకు చుట్టాలున్నారండి, దిగులు లేదు. బంపరుకే ఎవరూ లేరు" అన్నాడు. ఈ మాట విలువ నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది.

గో ఇంజను నిస్సాన్ మైక్రా పెట్రోలు కారులో ఉన్నదే. అందుకే ఆయిల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, బెల్టు, క్లచ్ ప్లేటు ఎప్పుడడిగినా రెండు మూడు రోజుల్లో వచ్చాయి. ధర కూడా పెరిగినట్టు అనిపించలేదు. కానీ 2023 నవంబరులో బస్ స్టాండు దగ్గర ఒక ఆటో వెనక్కి వస్తూ మా కారును గుద్దింది. కుడి హెడ్ లైట్ పగిలింది, బంపరు చీలింది. విశాఖలో ఒక విడిభాగాల కౌంటరులో అడ్వాన్సు కట్టాను. ‘వచ్చే వారం’ అన్నారు. ఏడు వారాలు అదే మాట. ఎనిమిదో వారం అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశారు. 2018 తర్వాతి గో బంపరు ఆకారం వేరు, మా పాత బాడీకి అది కుదరదు. బీమా సర్వేయరు నష్టం రాసుకున్నారు, డబ్బు మంజూరైంది. కానీ ఆ డబ్బుతో కొనడానికి వస్తువు ఎక్కడా లేదు. ఆ రెండు నెలలూ ఒంటికంటి కారుతో పగటిపూట మాత్రమే తిరిగాను.

చివరికి చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక ఆదివారం పుదుపేట వెళ్లాడు. పాత కార్ల భాగాలకు పేరుమోసిన వీధులవి. నాలుగో దుకాణంలో విప్పేసిన గో ప్లస్ ఒకటి కనిపించింది. గో ప్లస్ ముందు భాగం గోదే కదా. ఫోనులో వీడియో చూపించి "మామయ్యా, ఇదేనా?" అని అడిగాడు. హెడ్ లైటు, బంపరు రెండూ చెక్కుచెదరలేదు. బంపరు వేరే రంగుది, రంగు వేయించుకున్నాం. మా కారు పుట్టిన ఒరగడం ఆ వీధికి నలభై యాభై కిలోమీటర్లు ఉంటుందేమో. అక్కడ పుట్టిన కారుకు కావలసిన ముక్క ఇప్పుడు అక్కడి తుక్కులోనే దొరికింది. ఆ వీడియోలో నట్లు ఊడదీసిన ఆ గో ప్లస్‌ను చూస్తుంటే మనసు కలుక్కుమంది. అది కూడా ఎవరో ఒకరి మొదటి కారే అయి ఉంటుంది.

ఇక కొనాలనుకునేవారికి. ఇంజను చప్పుడు విని మురిసిపోయి బేరం ఆడకండి, అది బాగానే ఉంటుంది. లైట్లు, బంపర్లు, ముందు అద్దం, తలుపుల గొళ్లాలు, రబ్బరు బీడింగులు చూడండి. వీటిలో ఒక్కటి పోయి ఉన్నా కారు వదిలేయండి. 2018 అక్టోబరుకు ముందుదైతే ఎంత తక్కువకు ఇచ్చినా కొనవద్దని నా సలహా. చిన్న పిల్లలున్న ఇంటికైతే అసలే వద్దు. ఆ తర్వాతిది, ఊళ్లో తిరగడానికి, పాత కార్లు తెలిసిన మెకానిక్ దగ్గరలో ఉంటే ఆలోచించవచ్చు. మళ్లీ అమ్మితే డబ్బు వస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి. నాకు గత ఏడాది ఒక వ్యాపారి చెప్పిన ధర అరవై వేలు.

నేను అమ్మలేదు. రిజిస్ట్రేషను 2029 వరకు ఉంది. దూర ప్రయాణాలకు, అమ్మాయిని కాలేజీకి దింపడానికి ఎయిర్‌బ్యాగులున్న వేరే కారు తీసుకున్నాం. గో బడికి, సంతకు, అమ్మ ఆసుపత్రికి. పుదుపేటలో ఆ రోజు మేనల్లుడు ఇంకో దుకాణంలో గో వెనుక లైట్లు ఒక జత కూడా తీసుకున్నాడు, ఎప్పటికైనా అవసరమవుతాయని. పాత దుప్పట్లో చుట్టి బీరువా పై అరలో పెట్టాం. దసరాకు ఇల్లు దులిపినప్పుడల్లా అమ్మ వాటిని దింపించి, గుడ్డతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టిస్తుంది.