కరగని మందుకి ఏది మేలు: నూరడమా, పీచుమిఠాయి చేయడమా, నూనెలో పెట్టడమా?

మా బావమరిదికి తామర వస్తే చర్మం డాక్టరు ఇట్రాకొనజోల్ రాశారు. మొదటి క్యాప్సూల్ మింగే ముందు వాడు దాన్ని విప్పి కాగితం మీద పోశాడు. గసగసాల కంటే కాస్త పెద్దవి, ఆవాల కంటే చిన్నవి, తెల్లటి గోలీలు జారాయి. "బావా, ఇంగ్లీషు మందులో హోమియోపతి గోలీలు పెట్టారేంటి?" అని ఫోటో పంపాడు. ఇన్నేళ్లుగా ఫార్ములేషన్ ల్యాబ్‌లో, అంటే మందుని మాత్రగా, క్యాప్సూల్‌గా మలిచే చోట పనిచేస్తున్నాను. నా పని గురించి ఇంట్లోవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న అదే.

వాడి అనుమానంలో సగం నిజం ఉంది. ఆ గోలీ లోపల ఉన్నది చక్కెరే. మందునీ ఒక పాలిమర్‌నీ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం) కలిపి ద్రావణం చేసి, ఆ చక్కెర గోలీల మీద పిచికారీ చేసి పూతలా ఎక్కిస్తారు. 100 మిల్లీగ్రాముల మందు ఇవ్వడానికి దానికి నాలుగింతలకు పైగా బరువున్న గోలీలు నింపాల్సి వస్తుంది. ఇంత తిప్పలు ఎందుకంటే ఇట్రాకొనజోల్ నీళ్లలో కరగనే కరగదు అన్నంత పని. మామూలు పొడిలా మాత్ర కట్టి ఇస్తే చాలా భాగం రక్తంలోకి చేరకుండానే మలంలో పోతుంది.

మందు బాగా కరుగుతుందా లేదా తేల్చడానికి మా దగ్గర ఒక గ్లాసు నీళ్ల లెక్క ఉంది. ఆ మందు పెద్ద డోసు మొత్తం 250 మిల్లీలీటర్లలో, ఒంటి వేడి దగ్గర, పొట్టలోని ఆమ్లంలోనూ పేగులోని తటస్థ స్థితిలోనూ కరగాలి. 1995లో గోర్డన్ అమిడాన్, ఆయన సహచరులు ప్రతిపాదించిన వర్గీకరణ మీద నిలబడ్డ లెక్క ఇది. కొత్తగా కనిపెడుతున్న అణువుల్లో ఈ పరీక్ష తప్పేవే ఎక్కువ. తప్పినవాటిని మా వాళ్లు రెండు రకాలుగా విడదీస్తారు: ఇటుకపొడి, జిడ్డుముద్ద. మొదటి రకంలో స్ఫటికం ఎంత గట్టిదంటే అణువులు ఒకదాన్ని ఒకటి వదలవు. వీటిని వేడితో కరగబెట్టాలంటే 200 డిగ్రీలు దాటాల్సి వస్తుంది కూడా. రెండో రకానికి నీళ్లంటేనే పడదు, నూనె అయితే ఇష్టం. ఏ దారి మేలన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

దారులు అర్థం కావాలంటే చక్కెరనే తీసుకోండి. పటికబెల్లం గడ్డ నోట్లో వేసుకుంటే చాలాసేపు ఉంటుంది. నూరి వేసుకుంటే తొందరగా కరుగుతుంది. అదే చక్కెరని కరగబెట్టి, దారాలుగా తీసి జాతరలో పీచుమిఠాయిగా అమ్ముతారు. నాలుక తగిలితే చాలు, మాయం. మూడూ ఒకే పదార్థం. నూరడంలో స్ఫటికం చిన్నదవుతుంది, పీచుమిఠాయిలో స్ఫటికమే ఉండదు. తేమ గాలి తగిలితే పీచుమిఠాయి ఏమవుతుందో కూడా గుర్తుంచుకోండి. దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు నూరడం. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లు వాడే ఫెనోఫైబ్రేట్ మందుల షాపులో 200, 160, 145 మిల్లీగ్రాముల్లో కనిపిస్తుంది. చాలామంది ఇది డోసు తేడా అనుకుంటారు. ఈ మూడూ ఒంటికి అందించేది దాదాపు ఒకే మోతాదు. 200 అన్నది మైక్రాన్ల సైజుకి నూరిన పాత క్యాప్సూల్, 160 దాన్ని మెరుగుపరిచిన మాత్ర, 145 నానో సైజుకి దించినది. అమెరికాలో 2004లో ఈ 145 వచ్చింది. పాతవాటిని భోజనంతోనే వేసుకోవాలి, దీన్ని ఎప్పుడైనా వేసుకోవచ్చు.

నానోకి నూరడం అంటే రోట్లో దంచడం కాదు. మందుని నీళ్లలో కలిపి, రేణువులు అతుక్కోకుండా కొంచెం హైప్రోమెలోజ్, కొంచెం సోడియం లారిల్ సల్ఫేట్ వేసి, జిర్కోనియా పూసలు నింపిన గదిలో గంటల తరబడి తిప్పుతారు. మొదట్లో తీసిన శాంపిల్ సున్నం నీళ్లలా ఉంటుంది, కాసేపటికి గ్లాసు అడుగున పేరుకుంటుంది. చివరికొచ్చేసరికి నీళ్లు కలిపిన పాలలా మారి, లైటుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో నీలం ఛాయ కనిపిస్తుంది. ఆ నీలం నాకు ఇప్పటికీ ముచ్చటే. దాన్ని చూసి మిల్లు ఆపేస్తారనుకోకండి, పార్టికల్ సైజు రిపోర్టు వచ్చాకే ఆపుతారు.

లాభం లెక్క సులువే. 10 మైక్రాన్ల రేణువుని 200 నానోమీటర్లకి దించితే ఉపరితలం 50 రెట్లు పెరుగుతుంది, కరిగే వేగం ఆ మేరకు పెరుగుతుంది. కానీ ఎంత కరుగుతుందన్న హద్దు పెద్దగా కదలదు. ఆర్టీసీ బస్సుకి తలుపులు పెంచితే జనం తొందరగా ఎక్కుతారు, సీట్లు మాత్రం అన్నే ఉంటాయి. కరిగినదాన్ని కరిగినట్టే పేగు లాగేసుకుంటూ ఉంటే, అంటే సీట్లు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతూ ఉంటే, ఈ పద్ధతి బ్రహ్మాండం. సీట్లే లేని మందుకి ఎన్ని తలుపులు పెట్టినా దండగ.

నూరడంలో నాకు నచ్చేది వేరే ఉంది. స్ఫటికం స్ఫటికంగానే ఉంటుంది కాబట్టి గోడౌన్‌లో పెట్టి హాయిగా నిద్రపోవచ్చు. రేణువులు మళ్లీ ఒకదానికొకటి అతుక్కోకుండా చూసుకుంటే చాలు.

ఇక పీచుమిఠాయి. మందునీ పాలిమర్‌నీ కలిపి వేడి ఎక్స్‌ట్రూడర్‌లో (కరిగించి ఒత్తి బయటికి తోసే యంత్రం) కరిగించి తీయొచ్చు, లేదా రెండూ కరిగే ద్రావకంలో కలిపి స్ప్రే డ్రయ్యర్‌లో ఆరబెట్టొచ్చు. బయటికొచ్చేది గాజులాంటి పదార్థం, అణువులు ఏ వరుసా లేకుండా పాలిమర్ మధ్యలో చిక్కుకుని ఉంటాయి. వాటిని విడగొట్టడానికి స్ఫటికాన్ని పగలగొట్టే శక్తి అక్కర్లేదు. అందుకే మామూలు హద్దుకి ఎన్నో రెట్లు ఎక్కువ మందు కాసేపు నీళ్లలో నిలబడుతుంది. ఆ కాసేపట్లోనే పేగు దాన్ని లాగేసుకోవాలి. ఆలోపు మళ్లీ స్ఫటికాలుగా రాలిపోకుండా ఆపడం పాలిమర్ పని. ఇటుకపొడి మందులకి నిజమైన విరుగుడు ఇదే. బావమరిది క్యాప్సూల్లో గోలీల మీద పూత కూడా ఈ బాపతే. గోలీలు లెక్కపెట్టి మందు నాణ్యత తేల్చేవాళ్లున్నారు. గోలీలెన్ని అన్నది కాదు, పూతలో మందు గాజులా ఉందా, స్ఫటికమైందా అన్నదే అసలు సంగతి. అది కంటికి కనపడదు.

నాకు తగిలిన దెబ్బ అక్కడే. చాలా ఏళ్ల కిందట, అప్పుడు పనిచేస్తున్న కంపెనీలో ఇలాంటి మాత్ర చేశాం. మొదటి రోజు డిసొల్యూషన్ (మాత్ర ఎంత వేగంగా, ఎంత కరుగుతుందన్న పరీక్ష) చూసి స్వీట్లు పంచుకున్నాం. ఖర్చు తగ్గుతుందని చవక బ్లిస్టర్ ఫిల్మ్ ఎంచుకున్నాం, అందులో నా సంతకమూ ఉంది. 40 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న స్టెబిలిటీ ఛాంబర్ నుంచి మూడో నెల మాత్రలు తీశాం. రంగు అదే, గట్టిదనం అదే. డిసొల్యూషన్ గ్రాఫ్ మాత్రం పడుకుంది. ఎక్స్‌ఆర్‌డీకి (స్ఫటికాలున్నాయేమో ఎక్స్-కిరణాలతో చూసే పరీక్ష) పంపితే, ఉండకూడని స్ఫటికాల శిఖరాలు కనిపించాయి. జాతర నుంచి ఇంటికొచ్చేసరికి కవర్లో ముద్దయిన పీచుమిఠాయే గుర్తొచ్చింది. ఆ తర్వాత రెండేళ్ల పాటు ఎవరు ఈ పద్ధతి పేరెత్తినా నేను అడ్డం పడేవాణ్ణి.

నా అభిప్రాయం మార్చింది రిటోనవిర్ కథ. హెచ్‌ఐవీకి వాడే ఈ మందు 1996లో క్యాప్సూల్‌గా వచ్చింది. కరగని మందు కాబట్టి క్యాప్సూల్ లోపల ముందే కరిగించి పెట్టారు. 1998లో ఉన్నట్టుండి అందులో అంతకు ముందు ఎవరూ చూడని స్ఫటిక రూపం పుట్టింది. అది ఇంకా తక్కువ కరుగుతుంది. డిసొల్యూషన్ ఫెయిలై, ఆ క్యాప్సూల్‌ని మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. రోగులు కొంతకాలం చేదు ద్రావణం తాగారు. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాల్సిన సాఫ్ట్‌జెల్ (మెత్తటి పెంకు క్యాప్సూల్) వచ్చింది. లోపినవిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందుతో కలిపిన సాఫ్ట్‌జెల్ అయితే రోజుకి ఆరు, అదీ భోజనంతో. ఫ్రిజ్ లేని ఊళ్లో ఉన్న రోగి సంగతి ఆలోచించండి.

2005లో అదే జోడీని ఎక్స్‌ట్రూడర్‌లో కోపోవిడోన్ అనే పాలిమర్‌తో కరిగించి మాత్ర చేశారు. రోజుకి నాలుగు, ఫ్రిజ్ అక్కర్లేదు, తిన్నా తినకపోయినా ఫరవాలేదు. ముందే కరిగించి పెట్టింది చెడిపోయింది. అస్థిరం అని నేను భయపడే గాజు రూపమే వేడి దేశాలకి పనికొచ్చింది. ఆ తర్వాత వేడిని తట్టుకునే ఈ మాత్రల జెనరిక్‌లు హైదరాబాద్ కంపెనీలు మాట్రిక్స్, అరబిందో, హెటెరో నుంచి కూడా వచ్చాయి. అంటే పద్ధతిలో తప్పు లేదు. పాలిమర్ ఎంపికలో, తేమ అడ్డుకోవడంలో మనం చేసే పిసినారితనంలో ఉంది.

లోపాలు లేవని కాదు. పాలిమర్ ఎక్కువ పడుతుంది కాబట్టి మాత్ర పెద్దదవుతుంది, డోసు పెద్దదైన మందుకి మింగలేనంత అవుతుంది. ఇంకోటి, లోపినవిర్ మాత్రని నలిపి పిల్లలకి ఇస్తే రక్తంలోకి చేరే మందు దాదాపు సగానికి పడిపోయిందని ఒక అధ్యయనంలో తేలింది. మన ఇళ్లలో మాత్ర మింగలేని పిల్లాడికి తల్లి చేసే మొదటి పని చెంచాతో నలపడమే.

నూనె దారి గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరికి సరిపోతుందో ముందే తెలిసిపోతుంది. జిడ్డుముద్ద రకం, డోసు చిన్నది అయితే మారు మాట్లాడకుండా నూనె. విటమిన్ డి 60,000 యూనిట్లు అంటే వినడానికి కొండంత, తూకంలో ఒకటిన్నర మిల్లీగ్రామే. దానికి మామూలు సాఫ్ట్‌జెల్, పప్పు నెయ్యి వేసుకున్న భోజనం చాలు. నానో రూపంలో అమ్మే ద్రవం షాట్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు దండగే అనిపిస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ మాత్రం నూనె దారి గొప్పతనం చూపించింది. పాత నూనె రకం ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఒంటికి పట్టేది. పేగులోని నీళ్లు తగలగానే తనంతట తానే సన్నటి బిందువులుగా విడిపోయే కొత్త రకం 1990ల్లో వచ్చాక ఆ తేడాలు బాగా తగ్గాయి. మన వాతావరణంలో నా భయం సాఫ్ట్‌జెల్ పెంకు గురించి. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద మరిచిపోయిన సీసాని తెరిస్తే అన్నీ ఒకే ఉండ.

ఈ మూడింటి జోలికి వెళ్లే ముందు చూడాల్సిన సులువు మార్గం ఒకటుంది: లవణం చేయడం, లేదా మాత్రలోనే క్షారం కలపడం. బీపీకి వాడే టెల్మిసార్టాన్ పేగులో ఉండే పీహెచ్ దగ్గర కరగదు. అందుకని దాన్ని మొదట తెచ్చిన కంపెనీ మాత్రలో సోడియం హైడ్రాక్సైడ్, మెగ్లుమిన్ కలిపారు. క్షారం పనిచేస్తుంది, తేమనీ లాగుతుంది. ఆ మాత్రల్ని ముందే స్ట్రిప్పులోంచి తీసి వారం డబ్బాలో సర్దొద్దనేది అందుకే. మా నాన్నగారు ఇప్పటికీ సర్దుతారు.

ఒకే మందు రెండు దారుల్లో ఎలా ఉంటుందో చూడాలంటే పోసకొనజోల్ అనే ఫంగస్ మందు. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులతో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోయినప్పుడు ఈ పేరు చాలా ఇళ్లలో వినబడింది. తాగే సస్పెన్షన్‌లో (మందు పొడి తేలుతూ ఉండే ద్రవం) ఉన్నది సన్నగా నూరిన స్ఫటికం. కొవ్వు ఉన్న భోజనంతో, రోజుకి పలుమార్లు తాగాలి. మాత్రలో ఉన్నది పాలిమర్‌తో కలిపిన గాజు రూపం. మొదటి రోజు తర్వాత 300 మిల్లీగ్రాములు రోజుకి ఒక్కసారి. రెండూ మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము మార్చుకోవడానికి కుదరవు, అలా మార్చి ఇబ్బంది పడ్డ కేసులు ఉన్నాయి. దవడకి ఆపరేషన్ అయి సరిగ్గా తినలేని మనిషికి కొవ్వు భోజనంతో తాగమని చెప్పడం కంటే మాత్రే మేలు. ముక్కు గొట్టం మీద ఉన్న రోగికి ఆ మాత్ర పనికిరాదు, నలపకూడదు కాబట్టి. అక్కడ సస్పెన్షనే గతి.

నన్ను ఎంచుకోమంటే నా వరుస ఇది. లవణంతో పనైతే అక్కడే ఆగిపోతాను. కాకపోతే, వేగం ఒక్కటే సమస్య అయిన మందుని నూరుతాను. అది చాలదని జంతువుల మీద పరీక్షలో తేలాకే గాజు రూపానికి వెళ్తాను, వెళ్తే ప్యాకింగ్‌లో పైసా తగ్గించను. డోసు కొద్ది మిల్లీగ్రాములకి మించని జిడ్డుముద్దకి నూనె. మా జూనియర్లు దీనికి రివర్సులో, చేతికందిన కొత్త మిషన్‌తో మొదలుపెడతారు. ఎక్స్‌ట్రూడర్ కొన్నాక దాన్ని ఖాళీగా ఉంచడం మేనేజ్‌మెంట్‌కీ ఇష్టం ఉండదు.

బావమరిదికి చివరికి రెండే మాటలు చెప్పాను. క్యాప్సూల్ భోజనం చేసిన వెంటనే వేసుకో, పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర సంగతి డాక్టరుకి చెప్పు. ఇట్రాకొనజోల్ కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి, గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. మందుని పేగులో వదిలే పాలిమర్ వాడిన సూబా అనే కొత్త రకం ఇట్రాకొనజోల్‌కి ఈ బెడద చాలా తక్కువ, 65 మిల్లీగ్రాములు పాత 100తో సమానం. ధర చూసి వాడు పాతదే తీసుకున్నాడు, గ్యాస్ మాత్ర డాక్టరు ఆపించారు.

విప్పిన క్యాప్సూల్ ఫోటో చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మాత్రం 2015లో అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) తాత్కాలిక అనుమతి పొందిన సిప్లా వారి పిల్లల మందు. లోపినవిర్, రిటోనవిర్ కలిపిన గుళికలు, ఒక్కో క్యాప్సూల్లో 40, 10 మిల్లీగ్రాములు. తల్లి ఆ క్యాప్సూల్‌ని కావాలనే విప్పి, మెత్తటి అన్నం మీద చల్లి తినిపిస్తుంది. నలపడం ఉండదు. చేదు మాత్రం ఇంకా పోలేదు.