ఐపీ లైసెన్స్, ఏజెన్సీ సపోర్ట్: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్ (ఐపీ, అంటే దివాలా కేసులో ఉన్న కంపెనీ బాధ్యత చూసుకునే వ్యక్తి) లైసెన్స్ ఎలా తెచ్చుకోవాలి అని అందరూ అడుగుతారు గానీ తెచ్చుకున్నాక ఏజెన్సీ (ఐపీలని మెంబర్లుగా చేర్చుకుని ట్రైనింగ్, నిఘా చూసే సంస్థ) మనకేం చేస్తుంది అని ఎవరూ అడగరు, అందుకే ఇది రాస్తున్నా. నా ఏజెన్సీ పేరు చెప్పను. ఉన్నవే మూడు, సీఏ, సీఎస్, సీఎంఏ ఇన్‌స్టిట్యూట్‌లు పెట్టినవి, మిగతా రెండింట్లో ఉన్నవాళ్లని అడిగినా ఇంచుమించు ఇవే కబుర్లు.

ఎంట్రీ సంగతి అందరికీ తెలిసిందే. ఎగ్జామ్‌లో 60 శాతం రావాలి, తప్పు ఆన్సర్‌కి పావు వంతు కోత ఉంటుంది కాబట్టి గుడ్డిగా టిక్కులు పెడితే అంతే. తర్వాత ఏజెన్సీలో మెంబర్‌షిప్, 50 గంటల కోర్సు, ఆపైన ఐబీబీఐ (దివాలా వ్యవహారాల రెగ్యులేటర్) రిజిస్ట్రేషన్. కోర్సులో కేసులు నడిపినవాళ్లు చెప్పిన క్లాసులు సూపర్, సెక్షన్లు చదివి వినిపించే క్లాసులు మాత్రం ఎందుకో అర్థం కాలేదు, మనకి చదవడం రాదా ఏంటి.

అసలు సినిమా ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు వినే ట్రిబ్యునల్) మనల్ని నియమిస్తూ ఆర్డర్ ఇచ్చాకే మొదలవుతుంది. 3 రోజుల్లో పబ్లిక్ అనౌన్స్‌మెంట్ (బాకీ రావాల్సినవాళ్లు క్లెయిమ్‌లు పెట్టుకోమనే ప్రకటన) ఇవ్వాలి, ఇంకోపక్క కంపెనీ బ్యాంక్ అకౌంట్ మన చేతికి తెచ్చుకోవాలి, బ్రాంచ్‌కి వెళ్తే అక్కడాయన సిగ్నేటరీ మార్చాలంటే బోర్డు రిజల్యూషన్ తెమ్మంటాడు. సార్, ఆ బోర్డు పవర్సే సస్పెండ్ అయ్యాయి, దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 17 ప్రకారం మీరు నా మాట వినాలి అని ఆర్డర్ కాపీ చూపిస్తే, లీగల్‌కి పంపిస్తాం అన్నాడు. ఈలోగా జీతాల టైమొచ్చింది, వర్కర్లు గేటు దగ్గర నిలబడ్డారు. ఏజెన్సీ హెల్ప్‌డెస్క్‌కి రాస్తే సంబంధిత నిబంధనలు చూడగలరు అని రెండు లైన్ల రిప్లై, అది కూడా బ్యాంక్ పని అయిపోయాక వచ్చింది. పని చేసిపెట్టింది ఇంకో సీనియర్ ఐపీ పంపిన లెటర్ డ్రాఫ్ట్, సెక్షన్‌లో ఆ క్లాజు యథాతథంగా కోట్ చేసి కాపీ జోనల్ ఆఫీసుకి కూడా పెట్టమన్నాడు, మర్నాడే కదిలింది. ఇలాంటి డ్రాఫ్టులు పది వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఏజెన్సీకి ఏం రోగమో!

రిమైండర్లు మాత్రం ఠంచనుగా వస్తాయి, ఆ విషయంలో వంక పెట్టలేను. ఫలానా ఫామ్ పెండింగ్, సీపీఈ (లైసెన్స్ వచ్చాక కూడా చేస్తూ ఉండాల్సిన ట్రైనింగ్) గంటలు తక్కువున్నాయి, ఇలా. 2020 నుంచి రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంటే సరిపోదు, కొత్త కేసు తీసుకోవాలంటే ఏజెన్సీ ఇచ్చే ఏఎఫ్ఏ (కేసులు తీసుకోవడానికి అనుమతి పత్రం) కూడా ఉండాలి, అది లాప్స్ అయితే వచ్చిన కేసు వచ్చినట్టే పోతుంది, కాబట్టి ఆ మెయిల్స్ విసుగనిపించినా వదలకండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు కూడా మర్యాదగానే ఉన్నారు, రిలేషన్‌షిప్ డిస్‌క్లోజర్లు (కేసులో ఉన్నవాళ్లతో మనకున్న సంబంధాల వివరాలు), ఖర్చుల వోచర్లు గట్టిగా చూశారు, ఆ దెబ్బకి నా ఫైలింగ్ బాగుపడింది.

రేటింగ్ అంటే ట్రైనింగ్‌కి 5లో 4, నిఘాకి 4, కేసు నడుస్తున్నప్పుడు సాయానికి ఒకటిన్నర. కొత్తగా చేరేవాళ్లు ఏ ఏజెన్సీ అని బుర్ర పాడుచేసుకోకుండా మీ ఎన్‌సీఎల్‌టీ బెంచ్‌లో ప్రాక్టీస్ చేసే ఇద్దరు ముగ్గురు ఐపీలతో పరిచయం పెంచుకోండి, మొదటి ఆర్డర్ రాకముందే.