పాత కంప్యూటర్ల ఆన్‌లైన్ వేలం: ధర తేలేది ఎక్కడ?

హైదరాబాదులోని ఐటీ సంస్థలు పక్కన పెట్టేసిన ల్యాప్‌టాప్‌లను, డెస్క్‌టాప్‌లను ఆన్‌లైన్‌లో వేలం వేసే ఒక సేవను కొంతకాలంగా వాడుతున్నాను. కొనేవారికైనా అమ్మేవారికైనా అక్కడ తేలవలసింది ధరే కనుక, ఈ సమీక్షను దానికే పరిమితం చేస్తున్నాను.

ప్రారంభ ధరను యంత్రం కొన్న ఏడాదిని బట్టి తరుగుదల కట్టి నిర్ణయిస్తున్నట్టు కనిపిస్తుంది. పాత కంప్యూటర్ల విలువ అంత క్రమంగా తగ్గదు. ఇంటెల్ ఏడో తరం ఐ5-7200యూ ప్రాసెసర్‌లో రెండు కోర్లు (పని చేసే కేంద్రాలు) ఉంటే, మరుసటి తరం ఐ5-8250యూలో నాలుగు ఉన్నాయి. అంతకు మించి, విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అనుమతించేది దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిన తరువాత ఈ రెండు తరాల మధ్య అంతరం ఒక ఏడాది వయసుతో కొలవగలిగేది కాదు. అయినా ఇక్కడ రెండూ కొద్ది తేడాతోనే పాటకు వస్తాయి. తెలిసినవారు ఎనిమిదో తరం మీద పోటీ పడతారు, ఏడో తరం లాట్లు (వేలానికి పెట్టిన సరుకు) పాటదారులు లేక మళ్లీ మళ్లీ జాబితాలోకి వస్తాయి.

ఇంతకంటే పెద్ద లోపం, ముగిసిన పాటల ధరలను దాచిపెట్టడం. అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేలో అమ్ముడుపోయిన వస్తువులను విడిగా వడపోసి, అవి ఎంతకు పోయాయో చూడవచ్చు. ఆ డాలరు ధరలు మన ఊరి ధరలకు సరిపోవు గానీ, రెండు మోడళ్ల మధ్య నిష్పత్తి మాత్రం చాలావరకు అక్కరకు వస్తుంది. అమ్మకందారు అడిగిన ధర అతని ఆశ మాత్రమే. మరొకరు చెల్లించిన ధర సాక్ష్యం. ఆ సాక్ష్యం లేనప్పుడు సికింద్రాబాదులోని కంప్యూటర్ల బజారు సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దుకాణాల్లో అదే మోడల్ ధర విచారించి, అందులోంచి వేలం రుసుము, జీఎస్టీ, రవాణా ఖర్చు, దుకాణదారు ఇచ్చే పూచీకి కట్టవలసిన విలువ తీసివేసి, మిగిలినదాన్ని గరిష్ఠ పాటగా ముందే రాసిపెట్టుకోవడం మేలు. పాటలో గెలిచేది తరచుగా విలువను అందరికంటే ఎక్కువగా ఊహించినవారే.

మెచ్చుకోవలసింది స్థితి నివేదిక. బ్యాటరీ అసలు సామర్థ్యంలో ఇప్పుడు ఎంత నిలుస్తోందో, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో, ఎంత అరిగిందో అంకెలతో ఇస్తారు. ర్యామ్ (మెమరీ) విడిగా తీయగలిగేదా, బోర్డుకు అతికించినదా అన్నది మాత్రం రాయరు. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగిన స్థితిలో ఇది చిన్న వివరం కాదు. కొన్ని పాత డెస్క్‌టాప్‌లలో మిగతా యంత్రం కంటే డీడీఆర్4 రకం ర్యామ్‌కే ఎక్కువ పలుకుతుంది.

గ్రాఫిక్స్ కార్డులకు ఆ నివేదిక కూడా లేదు. గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీని సంపాదించే మైనింగ్ 2022 సెప్టెంబరులో ఆగిపోయాక సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చిపడ్డ కార్డులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఫ్యాన్ల స్థితి, లోడ్ మీద ఉష్ణోగ్రత చూపనంత వరకు వాటికి ఇక్కడ వేలం పాడను. ఎనిమిదో తరం ల్యాప్‌టాప్‌లకు మాత్రం ధరావతు (వేలంలో పాల్గొనడానికి ముందుగా కట్టే సొమ్ము) కడతాను.