14 నెలల ట్రామా థెరపీ మీద నా రివ్యూ: నాలుగు స్టార్లు, ఒకటి తలుపు కోసం తగ్గించాను

ముందే చెప్పేస్తున్నా, ఈ థెరపీ (భయంకరమైన అనుభవాలు మనసులో మిగిల్చిన గాయాలకి చేసే చికిత్స) తీసుకుంటున్న సెంటర్ పేరు రాయను. నేను ఇంకా అక్కడికి వెళ్తూనే ఉన్నాను, వెయిటింగ్ హాల్లో పక్క కుర్చీలో కూర్చునేవాళ్ళు ఇది చదివి నన్ను గుర్తుపట్టడం నాకూ ఇష్టం లేదు, వాళ్ళకీ ఇబ్బందే. పేరు లేని రివ్యూ ఎందుకంటారా? ఈ సర్వీసు ఎక్కడ తీసుకున్నా ఏం చూసుకోవాలో, ఏం వినబడితే లేచి వచ్చేయాలో చెప్పడానికి. ఫోను కొనాలంటే నలభై రివ్యూలు చదువుతాం. దీనికి మాత్రం ఎవరో నంబర్ ఇస్తే కళ్ళు మూసుకుని వెళ్ళిపోతాం, బాగోకపోతే లోపం మనలోనే ఉందనుకుని మానేస్తాం. నేను రెండుసార్లు అలాగే మానేశాను.

నా సంగతి క్లుప్తంగా. ఆరేళ్ళప్పటి నుంచి పదహారేళ్ళు వచ్చేదాకా ఇంట్లో దెబ్బలు తిన్నాను. కొట్టింది నాన్న, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నది అమ్మ. "చిన్నప్పుడు దెబ్బలు తిననిదెవరు" అని అనబోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేను చెప్పేది ఆ రకం దెబ్బల గురించి కాదు. ఇంతకు మించిన వివరం ఈ రివ్యూకి అక్కర్లేదు. ఇప్పుడు నాకు 34. ఉద్యోగం ఉంది, అద్దెకైనా నాదంటూ ఒక ఇల్లుంది, చూసేవాళ్ళకి అంతా బాగానే ఉంది. కానీ రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టేది కాదు. మేనేజర్ "ఒకసారి మాట్లాడాలి" అని మెసేజ్ పెడితే చేతులు చల్లబడిపోయేవి. మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే చాలు, వచ్చేది ఎవరో, ఏ మూడ్‌లో ఉన్నారో చెప్పేసేదాన్ని. అదేదో నా టాలెంట్ అనుకునేదాన్ని కూడా.

నచ్చనివి ముందు చెప్తాను, ఎందుకంటే చాలామందికి మొదట దొరికేది అవే.

మొదటి కౌన్సిలర్ రెండో సెషన్‌లోనే "ఎంతైనా కన్నతండ్రి కదమ్మా, క్షమించేస్తే నీ మనసే తేలికవుతుంది" అన్నారు. ఆ మాట చుట్టాల దగ్గర ఊరికే దొరుకుతుంది, దానికి అపాయింట్‌మెంట్ ఎందుకు? రెండోది ఒక ఆన్‌లైన్ సర్వీసు. చేరగానే పది ప్రశ్నలిచ్చారు, చిన్నప్పుడు ఇంట్లో ఇది జరిగిందా, అది జరిగిందా అని. అన్నిటికీ అవుననో కాదనో జవాబు పెట్టాక స్క్రీన్ మీద పెద్ద అంకె వచ్చింది, 7. కింద ఎర్ర అక్షరాల్లో నాకు రాబోయే జబ్బుల లిస్టు. ఆ ప్రశ్నలకి అసలు ఆధారం ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. అమెరికాలో 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళని వాళ్ళ బాల్యం గురించి అడిగి చేసిన పరిశోధన అది, విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా చేశారు, మొదటి ఫలితాలు 1998లో వచ్చాయి. బాల్యంలో ఇలాంటి కష్టాలు ఎక్కువైనకొద్దీ పెద్దయ్యాక గుండె జబ్బుల దగ్గర్నుంచి డిప్రెషన్ దాకా రిస్కు పెరుగుతుందని తేలింది, అది ముఖ్యమైన విషయమే. కానీ అది జనాభా మొత్తం మీద తీసిన లెక్క. ఆ స్కోరు పెట్టుకుని ఒక్కో మనిషికి జాతకం చెప్పకూడదని ఆ ఆండాయే 2020లో ఒక వ్యాసంలో రాశారు. నాకు మాత్రం ఆ ఎర్ర అక్షరాలు చూశాక వారం రోజులు ఛాతీలో ఏ మూల నొప్పొచ్చినా గుండె జబ్బేమో అనిపించింది.

అదే సర్వీసులో మొదటి వీడియో కాల్‌లో "మొదటి నుంచీ అంతా చెప్పండి" అన్నారు. చెప్పాను. 50 నిమిషాలు. "సరే, టైమైపోయింది, వచ్చేవారం కంటిన్యూ చేద్దాం" అని కాల్ పెట్టేశారు. నేను మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను, తర్వాత నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. వచ్చేవారం కాల్ ఎత్తలేదు.

ఇప్పుడు ఈ సెంటర్. గదిలో రెండు కుర్చీలు, ఒక సోఫా. థెరపిస్ట్ నిలబడే ఉండి "మీరు ముందు కూర్చోండి, మీకు ఏది బావుంటే అది" అన్నారు. తలుపు కనబడే కుర్చీ చూసుకుని కూర్చున్నాను, ఆవిడ ఆ తలుపుకి అడ్డం రాకుండా పక్కకి జరిగి కూర్చున్నారు. తర్వాత ఏం చెప్తే బయటికి పోదో, ఏం చెప్తే చెప్పాల్సి వస్తుందో వివరించారు: ప్రాణానికి ముప్పుంటే, లేదా ఇప్పుడు ఎవరైనా చిన్నపిల్లలకి హాని జరుగుతుంటే ఆ రహస్యం గదిలోనే ఆగదు. వెంటనే "మీ నాన్నగారి దగ్గర ఇప్పుడు పిల్లలెవరైనా పెరుగుతున్నారా?" అని అడిగారు. ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. లేరని చెప్పాను. ఆ తర్వాత ఆవిడన్న మాట కోసమే ఈ రివ్యూ రాస్తున్నాననుకోండి: "ఏం జరిగిందో ఈరోజు చెప్పక్కర్లేదు. వచ్చే నెల కూడా చెప్పక్కర్లేదు."

మూడు నెలలు నిజంగానే అడగలేదు. నిద్ర గురించి అడిగారు, తిండి గురించి, ఆఫీసు గురించి, భయం వచ్చినప్పుడు ఒంట్లో ముందు ఎక్కడ తెలుస్తుందని అడిగారు. నిజం చెప్పాలంటే రెండో నెలలో నాకు చిరాకొచ్చింది, ఊపిరి ఎలా పీల్చాలో నేర్పడానికి ఇంత ఫీజా అని. ఆ మాటే మొహం మీద అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు, ఎందుకలా చేస్తున్నారో చెప్పారు. జుడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్ట్ 1992లో కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారట. ముందు భద్రత, అంటే ఒళ్ళు, ఇల్లు, నిద్ర మన చేతికి రావడం. ఆ తర్వాతే జరిగింది గుర్తుచేసుకుని ఏడవాల్సింది ఏడవడం. ఆపైన మళ్ళీ మనుషుల్లో పడటం. నన్ను పాత సర్వీసువాళ్ళు మొదటిరోజే రెండో దశలోకి తోసేశారన్నమాట. దీన్ని అందరూ ఒప్పుకోరని కూడా ఆవిడే చెప్పారు. ఈ మొదటి దశ పేరుతో అసలు ట్రీట్‌మెంట్‌ని అనవసరంగా వాయిదా వేస్తున్నారని 2016లో కొందరు పరిశోధకులు గట్టిగానే వాదించారట. తన పద్ధతి మీదున్న విమర్శని తనే చెప్పడం నాకు భలే నచ్చింది. ఎవరి సంగతేమో గానీ, నాకు ఆ మూడు నెలలు అవసరం పడ్డాయి.

నేర్పినవన్నీ పనిచేయలేదు. చుట్టూ కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు అని లెక్కపెట్టి, భయం వచ్చినప్పుడు మనసుని ఇప్పటికి తెచ్చుకునే గ్రౌండింగ్ పద్ధతి ఉంది, ఎక్కడ చూసినా దాన్నే చెప్తారు. నాకు అది తిరగబడింది. వినిపించేవి లెక్కపెట్టమంటే నేను అడుగుల చప్పుడు వెతకడం మొదలెట్టేదాన్ని. దాన్ని పక్కన పెట్టేసి ఇంకోటి తయారుచేశాం. మడమలు నేలకి గట్టిగా నొక్కి, తారీఖు పైకి చెప్పి, "నాకు 34. ఈ ఇంటి తాళం నా దగ్గరుంది" అనుకోవడం. రాసుకుంటే సిల్లీగా ఉంది. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు తాళం మాట పనిచేసింది.

నాలుగో నెలలో అక్కడి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. కాంప్లెక్స్ పీటీఎస్డీ అన్నారు, అంటే భయంకరమైన అనుభవాల తర్వాత మనసుకి వచ్చే పీటీఎస్డీ అనే జబ్బులో ఇంకాస్త క్లిష్టమైన రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 11వ కూర్పులో, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నదాంట్లో, దీన్ని విడిగా చేర్చారు. జరిగింది మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం, దాన్ని గుర్తుచేసేవాటిని తప్పించుకు తిరగడం, ఎప్పుడూ ప్రమాదం పొంచి ఉన్నట్టుండటం, ఇవి మామూలు పీటీఎస్డీలోనూ ఉంటాయి. వీటికి తోడు భావోద్వేగాలు చేతిలో ఉండకపోవడం, తను పనికిరాని మనిషినన్న నమ్మకం, ఎవరితోనూ దగ్గరితనం నిలుపుకోలేకపోవడం. చివరి మూడూ నేను నా స్వభావమనుకున్నవి. నిద్రకి ఏదో మాత్ర ఇచ్చారు, కొన్ని నెలలు వాడాను, డాక్టరే మెల్లగా తగ్గించి ఆపించారు. మందుల గురించి ఇంతే.

తర్వాత ఈఎండీఆర్, అంటే పాత జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించే చికిత్స. దీని గురించి నాకు పెద్ద అనుమానముండేది, ఇప్పుడూ కాస్త ఉంది. ఫ్రాన్సిన్ షాపిరో అనే సైకాలజిస్టుకి 1987లో పార్కులో నడుస్తుండగా, కళ్ళు అటూ ఇటూ కదులుతుంటే మనసుని తినేస్తున్న ఆలోచనల తీవ్రత తగ్గుతోందని అనిపించిందట, అక్కడ మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్డీకి సూచించిన చికిత్సల్లో ఇదీ ఉంది, ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) కూడా ఉంది. పనిచేస్తున్నది కళ్ళ కదలికా, లేక జ్ఞాపకాన్ని భద్రమైన చోట కూర్చుని మళ్ళీ మళ్ళీ చూడటమా అన్నది ఇంకా వాదనలోనే ఉంది.

దీనికి నేను ఎంచుకున్న జ్ఞాపకం దెబ్బ కాదు. నాన్న తాళంచెవుల గుత్తి బల్ల మీద పడేసే చప్పుడు. మెల్లగా పెడితే ఆ రాత్రి గండం గడిచినట్టు, విసిరితే నేను పుస్తకం మూసేయాలి. థెరపిస్ట్ రెండు వేళ్ళు నా కళ్ళ ముందు అటూ ఇటూ ఆడిస్తారు, నేను ఆ చప్పుడు తలుచుకుంటూ వేళ్ళ వెంట చూడాలి. ఓ అర నిమిషం. ఆపి "ఇప్పుడేం వస్తోంది?" అంటారు. ఏదొస్తే అది చెప్పాలి, సున్నా నుంచి పదిలో బాధ ఎంతో చెప్పాలి. మొదటిరోజు తొమ్మిది అన్నాను. ఒకసారి మధ్యలో ఏ సంబంధమూ లేకుండా నా స్కూలు బ్యాగు పట్టీ గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను, పట్టీ తెగింది, పిన్నీసు పెట్టుకుని ఏడాదంతా తిరిగాను, ఎవరికీ చెప్పలేదు. టిష్యూ డబ్బా నా చేతికందేంత దూరంలో ఉంది, ఆవిడ దాన్ని నా వైపు తొయ్యలేదు. ఆరో సెషన్‌కి తొమ్మిది కాస్తా రెండయింది. చప్పుడు మర్చిపోలేదు, ఇప్పుడు రాస్తున్నా వినబడుతోంది, కడుపులో ముడి మాత్రం పడట్లేదు. ఒక హెచ్చరిక: ఈ సెషన్ అయ్యాక ఒకట్రెండు రోజులు పిచ్చి కలలు వస్తాయి, తల బరువుగా ఉంటుంది. నేను మధ్యాహ్నం సెషన్ పెట్టుకుని సాయంత్రం ఆఫీసు ప్రెజెంటేషన్ ఇచ్చాను, ఆ తప్పు మీరు చేయకండి.

కుటుంబం విషయంలో ఫలితం అంతంత మాత్రమే, అది థెరపీ తప్పు కాదు. అమ్మతో ఫోన్‌లో ఒకసారి తెగించి అడిగాను. "అలాంటిదేం జరగలేదు, నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే, ఆయనకి బీపీ పెరిగితే దానికి కారణం నువ్వే" అంది. ఒక్క వాక్యంలో జరగలేదనడం, నా మీదికి రావడం, చివరికి బాధితుడు ఆయనే అయిపోవడం. ఈ మూడూ ఇదే వరసలో వస్తాయని జెన్నిఫర్ ఫ్రైడ్ అనే సైకాలజిస్ట్ 1997లోనే రాశారని, దానికి డార్వో అని పేరు కూడా ఉందని థెరపిస్ట్ చెబితే నవ్వొచ్చింది. మా ఇంటి గుట్టు అనుకున్నది ఎప్పుడో పాఠంగా రాసేసి ఉంది. సంబంధం తెంచుకోమని గానీ, కలుపుకోమని గానీ ఆవిడ ఎప్పుడూ అనలేదు. క్షమించాలా అని నేనే అడిగితే, "అది ట్రీట్‌మెంట్‌లో భాగం కాదండీ, మీ ఇష్టం" అన్నారు. అమ్మకి రెండు లైన్ల మెసేజ్ రాయడానికి ఇద్దరం కలిసి 40 నిమిషాలు కూర్చున్నాం. నాన్నని కలవడం లేదు. చెల్లి మాత్రం "అక్కా, నాకు అలా గుర్తులేదే" అంటుంది. అది అబద్ధమాడుతోందని నేననుకోను. దాని మీద ఇంకా ఓ దారి దొరకలేదు, ప్రతి నెలా అక్కడే ఆగుతున్నాం.

ఏం మారింది అంటే పెద్దవేం చెప్పలేను. స్నానం చేస్తూ పాటలు పెట్టుకుంటున్నాను. ఇదివరకు ఎప్పుడూ పెట్టేదాన్ని కాదు, పాటలుంటే బయట చప్పుడు వినబడదు కదా.

ఇక కంప్లెయింట్లు. థెరపిస్ట్ సెలవు పెడితే రెండు రోజుల ముందు చెప్పి మూడు వారాలు గ్యాప్ ఇచ్చారు, ఈఎండీఆర్ మధ్యలో అలా చేయకూడదు. రిసెప్షన్‌లో ఇంటిపేరుతో సహా గట్టిగా పిలుస్తారు. ఇంకోటి, ఇప్పటికీ కొట్టే మనిషితో ఒకే కప్పు కింద ఉంటున్నవాళ్ళకి ఈ సర్వీసు మొదటి మెట్టు కాదు. వాళ్ళకి ముందు కావాల్సింది అక్కడి నుంచి బయటపడే సాయం, హెల్ప్‌లైన్, నమ్మకమైన మనిషి. ఇది సెంటర్‌వాళ్ళు బోర్డు మీద రాయాలి, రాయలేదు.

అన్నిటికన్నా ఘోరం వెయిటింగ్ హాల్ తలుపు. స్ప్రింగు తలుపు, వదిలితే ఢాం అని పడుతుంది. పడినప్పుడల్లా హాల్లో ఉన్న నలుగురైదుగురం ఒకేసారి ఉలిక్కిపడేవాళ్ళం, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఫోన్లలోకి తల దూర్చేవాళ్ళం. ట్రామా సెంటర్‌కి ఆ తలుపేమిటండీ! ఏడు నెలలు చెప్పలేదు. చెప్తే ఏమంటారో అని. ఎనిమిదో నెలలో చెప్పాను, గొంతు వణికింది. రిసెప్షన్‌ అమ్మాయి "అయ్యో, సారీ మేడమ్" అని రాసుకుంది, వారంలో అంచుకి రబ్బరు పట్టీ వేయించారు.

మొన్న వెళ్తే ఆ రబ్బరు కింది వైపు ఊడి వేలాడుతోంది. లోపలికి వెళ్ళేముందే చెప్పేశాను.