పైలట్ కోర్సు పేరుతో సిమ్యులేటర్ గంటలు అమ్ముతున్నారు: విజయవాడ పేరెంట్స్ జాగ్రత్త

ఇంటర్ ఎంపీసీ చదువుతూ "నేను పైలట్‌నవుతా" అనే పిల్లలు ఇంట్లో ఉంటే, ఎక్కడైనా డబ్బు కట్టేముందు ఇది చదవండి. మన ఊళ్లో ఒక సిమ్యులేటర్ (విమానం నడుపుతున్నట్టు తెర మీద చూపించే యంత్రం) సెంటర్ 'పైలట్ ఫౌండేషన్ కోర్సు' పేరుతో 60,000 రూపాయల ప్యాకేజీ అమ్ముతోంది. మా బావగారు మా మేనల్లుడి కోసం ఆ డబ్బు కట్టారు. అక్కడ చేసిన గంటలన్నీ కమర్షియల్ పైలట్ లైసెన్సులో కలుస్తాయని కౌంటర్లో చెప్పారు, పాంఫ్లెట్‌లో కూడా అచ్చు వేశారు. కలవవు. ఒక్క గంట కూడా కలవదు.

పైలట్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ. దాని రూలు ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మొత్తం తనదేగా నడపాలి. ఇందులో సిమ్యులేటర్‌కు దక్కే చోటు చాలా చిన్నది. బయట ఏమీ చూడకుండా మీటర్లను బట్టి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ కనీసం 10 గంటలుండాలి, వాటిలో 5 గంటలు మించకుండా సిమ్యులేటర్ మీద చేయవచ్చు. అదీ డీజీసీఏ అనుమతి ఉన్న సిమ్యులేటర్ అయితేనే. ఈ సెంటర్ వాళ్లు ఆ ఐదు గంటల ముక్కను పట్టుకుని "సిమ్యులేటర్ అవర్స్ కౌంట్ అవుతాయి సార్" అని సాగదీస్తున్నారు. పూర్తి అబద్ధమైతే ఎవరైనా పట్టుకుంటారు. ఇది సగం నిజం కాబట్టే చదువుకున్నవాళ్లు కూడా తలూపి కట్టేస్తున్నారు.

అనుమతి పత్రం చూపించమని నేను వెళ్లి అడిగాను. "మాది ఇంటర్నేషనల్ సాఫ్ట్‌వేర్ సార్" అన్నారు. అనుమతి ఇచ్చేది సాఫ్ట్‌వేర్‌కు కాదు, ఫలానా చోట బిగించిన ఫలానా పరికరానికి. వాళ్ల దగ్గర ఉన్నది మూడు పెద్ద స్క్రీన్లు, ఒక స్టీరింగు, కాళ్ల దగ్గర పెడల్స్, లోపల మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. మంచి కంప్యూటర్ ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ కొన్ని వేలకే ఇంటికి వస్తుంది. దాని మీద గంటలు లెక్కపెట్టి లైసెన్సు అడగడం, వీడియోగేమ్‌లో బైకు నడిపి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లినట్టు ఉంటుంది.

ఇక వాళ్లు తిరుగులేదనుకునే మాట ఒకటుంది: "ఎయిర్‌లైన్ పైలట్లు కూడా సిమ్యులేటర్ మీదే నేర్చుకుంటారు కదా సార్!" నిజమే. కానీ వాళ్లు ఎక్కేది ఆరు కాళ్ల మీద నిలబడి గది గదంతా కదిలే ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్. పైగా వాళ్లకు అప్పటికే లైసెన్సు, ఆకాశంలో ఎగిరిన గంటలు ఉంటాయి. ఇంజిన్ మంటలు, టేకాఫ్‌లో ఇంజిన్ ఆగిపోవడం లాంటివి ప్రయాణికులున్న విమానంలో ప్రాక్టీసు చేయలేరు కాబట్టి, ఆరు నెలలకోసారి అక్కడ పరీక్ష పెడతారు. మన సెంటర్లో జరిగేదానికీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు.

సెంటర్లో మావాడు ఊరి మీద తిరిగి గన్నవరంలో ఎన్నోసార్లు దిగాడు. ప్రకాశం బ్యారేజీ, కృష్ణానది అన్నీ తెర మీద చక్కగా కనిపిస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత బావగారు వాణ్ణి పక్క రాష్ట్రంలోని ఒక ఫ్లయింగ్ స్కూల్‌లో ట్రయల్ ఫ్లైట్‌కు తీసుకెళ్లారు. విమానం ఎక్కకముందే సగం పొద్దు పోయింది. చుట్టూ తిరిగి రెక్కలు, టైర్లు తడిమి చూడాలి. రెక్క కింద వాల్వు తిప్పి నీలం రంగు పెట్రోలు చిన్న గొట్టంలోకి తీసి, అందులో నీళ్లు కలిశాయేమో చూడాలి. ట్యాంకులో పుల్ల ముంచి ఎంతుందో చూడాలి. ఎక్కేవాళ్ల బరువు కాగితం మీద లెక్కవేయాలి. సెంటర్లో ఇవేవీ లేవు, బటన్ నొక్కితే రన్‌వే మీదే ఉంటాడు.

టేకాఫ్‌లో ఒంటి ఇంజిన్ విమానం ముక్కు ఎడమకు లాగుతుంది, కుడికాలితో తొక్కి నిలబెట్టాలి. మావాడి కాళ్లు కదల్లేదట. ఎందుకు కదులుతాయి? సెంటర్లో పెడల్స్ పని కంప్యూటరే చేసేసే ఆటో-రడ్డర్ అనే సెట్టింగు ఆన్ చేసి ఉంచుతారు, అప్పుడు పెడల్స్ ఉన్నా లేనట్టే. పైకెళ్లాక వాడి కళ్లు మీటర్ల మీదే ఉంటే, ఇన్‌స్ట్రక్టర్ ఒక కాగితంతో మీటర్లు కప్పేసి "బయట చూడు" అన్నారట. మొదట్లో నేర్పేది కిటికీలోంచి దిగంతం చూసి నడపడమే. స్క్రీన్‌కు అలవాటుపడ్డవాళ్లందరికీ ముందు మాన్పించాల్సిన అలవాటు ఇదేనని ఆయన బావగారితో చెప్పారు.

ఒంటికి తెలిసే సంగతులు వేరే ఉన్నాయి. విమానాన్ని 60 డిగ్రీలు వంచి ఎత్తు తగ్గకుండా తిప్పితే మన బరువు రెట్టింపైనట్టు ఉంటుంది, మూడు స్క్రీన్ల ముందు కుర్చీలో అది ఎలా వస్తుంది? మబ్బులోకి వెళ్తే చెవిలోపలి బ్యాలెన్స్ మనల్ని మోసం చేస్తుంది, వంగి ఉన్నా నిటారుగా ఉన్నామనిపిస్తుంది. వేడి సంగతి కూడా చూడండి. సెంటర్లో ఏసీ, తెర మీది గన్నవరంలో ఎప్పుడు చూసినా 15 డిగ్రీలు. అసలు గన్నవరంలో రోహిణి కార్తె మధ్యాహ్నం 45 డిగ్రీలుంటే గాలి పలచబడి, నేల మీద ఉన్నా దాదాపు 3,500 అడుగుల ఎత్తులో ఉన్నట్టే విమానం ప్రవర్తిస్తుంది. లేవడానికి ఇంకా పొడవు రన్‌వే కావాలి. చిన్న విమానాల్లో ఏసీ కూడా ఉండదు. ఆ ఉక్కకు, వేడిగాలి కుదుపులకు మావాడు కవరు అడిగి మరీ వాంతి చేసుకున్నాడు పాపం. (ఇప్పటికీ పైలట్ అవుతాననే అంటున్నాడు, అది వేరే సంగతి.)

డబ్బు వెనక్కి అడిగితే కోర్సు పూర్తయింది కదా అన్నారు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో 'వినోదం కోసం మాత్రమే' అని ఉంది. ముందు వైపు రెక్కల బొమ్మ, 'ట్రైనింగ్' అనే మాట. సర్టిఫికెట్టు, గంటలు రాసుకునే లాగ్‌బుక్కు కూడా ఇచ్చారు, అవి ఎక్కడా చెల్లవు.

సరదాగా ఒక పూట పిల్లల్ని తీసుకెళ్లి గంటకు ఇంతని కడితే నాకేం అభ్యంతరం లేదు, బాగానే ఉంటుంది. నిజంగా పైలట్ చేయాలనుకుంటే మాత్రం మొదటి ఖర్చు డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్-2 మెడికల్ అనే ఆరోగ్య పరీక్షకు పెట్టండి. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే అక్కడే తేలిపోతుంది, లక్షలు పోయాక కాదు. స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు 16 ఏళ్లు, కమర్షియల్‌కు 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. అనుమతి ఉన్న ఫ్లయింగ్ స్కూళ్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్లోనే ఉంటుంది. ఎవరైనా సిమ్యులేటర్ గంటలు కలుస్తాయంటే అనుమతి పత్రం జిరాక్సు అడగండి, 'ఈ గంటలు లైసెన్సుకు చెల్లుతాయి' అని రసీదు మీద రాసి సంతకం పెట్టమనండి. మాకైతే రాయలేదు.

మేం కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఈమధ్య కొత్త పాంఫ్లెట్‌లో లైసెన్సు లైను తీసేశారు, కౌంటర్లో మాత్రం అదే మాట చెబుతున్నారని మొన్న వెళ్లొచ్చిన ఒకాయన అన్నారు. పాత పాంఫ్లెట్ గానీ, వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు గానీ ఉన్నవాళ్లు డిలీట్ చేయకుండా నాకు ఫొటో పంపండి, కేసుకు పనికొస్తాయి.