తొమ్మిది రోజులు, ఎనిమిది రాత్రులు, ఒక జత సంచులు

బండి మీద దూరాలు తిరగడానికి లగేజీ కొనే ప్రతివాడూ మొదట అడిగేది "ఎన్ని లీటర్లు?" అనే. నేనూ అదే అడిగి కొన్నాను. అసలు అడగాల్సింది అది కాదని ట్రిప్పులో మూడో రాత్రి తెలిసొచ్చింది, లిఫ్టు లేని లాడ్జిలో, మూడో అంతస్తుకు వెళ్లే మెట్ల మీద, నీళ్లు కారే బూట్లతో.

మేం ఇద్దరం, రెండు బండ్లు. మావాడి బండికి చెరో పక్కన అల్యూమినియం పెట్టెలు. నాదంతా మెత్తటి లగేజీ: సీటు మీదుగా అటొకటి ఇటొకటి వేలాడే సంచుల జత, వెనక మూత చుట్టేసే రోల్‌-టాప్ డఫెల్ ఒకటి, ముందు ట్యాంక్ బ్యాగు. మా దారిలో మూడో వంతు మట్టి రోడ్డు కాబట్టి పెట్టెలు వద్దనుకున్నాను. ఇసకలోనో గులకరాళ్లలోనో బండి ఒరిగితే మనకు తెలియకుండానే కాలు కింద పెట్టేస్తాం, బండేమో ఇంకా ముందుకు పోతూనే ఉంటుంది, ఆ కాలు మీదికి వెనకనించి పెట్టె వచ్చి పడుతుంది. పిక్క ఎముక విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పైగా పెట్టెలూ వాటిని బండికి పట్టి ఉంచే ఫ్రేమూ కలిపితే లోపల ఒక్క చొక్కా పెట్టకముందే పది కిలోలు దాటడం మామూలే, సంచులకు అందులో సగం కూడా ఉండదు. బండి ఎంత మోయగలదో మాన్యువల్లో రాసి ఉంటుంది కదా, అందులో మన ఒళ్లూ, వెనక కూర్చునేవాళ్లూ, లగేజీ, ఆ లగేజీని పట్టుకునే ఇనుమూ అన్నీ కలిసే ఉంటాయి. నా ఒళ్లు తగ్గించడం కంటే పెట్టెలు మానేయడం తేలిక అనిపించింది.

మొదటి రాత్రి గురించి చెప్పడానికేం లేదు. గది ముందే బండి పెట్టుకునే చోటు దొరికింది, సంచులు విప్పాను, లోపల పడేశాను, పడుకున్నాను. అలాంటి బసలో ఏ లగేజీ అయినా మంచిదే.

రెండో రోజు మధ్యాహ్నం టీకి ఆగినప్పుడు మావాడు ముక్కు ఎగబీల్చి, "రేయ్, ఏదో కాలుతోంది చూడు, నీ దగ్గర్నించే" అన్నాడు. కుడి సంచి సైలెన్సర్ మీద కూర్చుని ఉంది. ఇంటి దగ్గర సంచి ఖాళీగా వేసి చూసినప్పుడు నాలుగు వేళ్ల సందు ఉండింది. కానీ ఒక్కో దాంట్లో ఎనిమిది కిలోలు నింపి, పైన మనిషి కూర్చుని, గుంతలో పడ్డప్పుడల్లా షాక్ అబ్జార్బర్లు కుంగుతుంటే ఆ నాలుగు వేళ్లు ఎక్కడ మిగుల్తాయి? అడుగున చింతగింజంత చిల్లు, చుట్టూ కరిగి గట్టిపడిన నల్లటి అంచు. పీవీసీ పూత నూరు డిగ్రీల లోపే మెత్తబడిపోతుంది, నైలాన్ రకాన్ని బట్టి 220 నించి 260 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, సైలెన్సర్ గొట్టానికి ఆ వేడి పెద్ద లెక్క కాదు. ఫ్రేము లేకుండా వేలాడేసే సంచి కొంటే దాంతోపాటు సైలెన్సర్ వేడి సంచికి తగలనివ్వని రేకు కూడా కొనాలి, లేదంటే సంచిని బయటికి నెట్టి ఉంచే చిన్న కడ్డీ అయినా బిగించాలి. నేను రెండూ చేయలేదు. లోపల ఉన్న రెయిన్ ప్యాంటుకు కూడా అదే సైజు చిల్లు పడింది, వాన రోజున దాని సంగతి ప్రత్యేకంగా తెలిసింది.

ఆ రాత్రి దిగిన ఇల్లు చక్కగా ఉంది. ఊరికి దూరంగా, చుట్టూ చెట్లు, శుభ్రమైన దుప్పట్లు, ఇంటావిడ అడక్కుండానే బూట్లు ఆరేయడానికి పాత పేపర్లు ఇచ్చింది. కానీ బండి గేటు బయటే ఆపాలి, గేటు నించి ఇంటికి రెండు వందల అడుగులు. నా సంచుల జతకు ఆరు బకిల్స్, డఫెల్‌కు నాలుగు, ట్యాంక్ బ్యాగుకు మూడు. చీకట్లో, హెల్మెట్ చేతికి తగిలించుకుని, పదమూడు బకిల్స్ విప్పి, రెండు సంచులనూ కలిపే పట్టాలు కాళ్లకు చుట్టుకుంటుంటే నడిచాను. పొద్దున్నే మళ్లీ పదమూడు బిగించాలి.

ఇక మూడో రాత్రి. సాయంత్రం జల్లు పడింది, సంచుల నిండా బురద. లాడ్జిలో రిసెప్షన్ కుర్రాడు నా సంచుల వంక, తను అప్పుడే తుడిపించిన నేల వంక చూసి ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ బాధపెట్టింది. రెండు విడతలు ఎక్కి దిగాను. రెండోసారి ఎక్కుతుంటే మావాడు అప్పటికే స్నానం చేసి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వాడు చేసిందల్లా పెట్టె మూత తెరిచి, లోపలున్న తేలికపాటి సంచిని చేతిపట్టీతో పైకి లాగి, మూత వేసి తాళం తిప్పి వచ్చేయడమే. బురద పట్టిన పెట్టె బండి మీదే ఉండిపోయింది. అక్కడ వెలిగింది నాకు. పెట్టెనా సంచా అన్నది కాదు, సాయంత్రం బండి మీద ఏం మిగుల్తుంది, చేతిలోకి ఏం వస్తుంది అన్నదే అసలు సంగతి.

మెత్తటి లగేజీలోనూ ఇలాంటివి ఉన్నాయి, నేను చూసుకోలేదంతే. మాస్కో మోటో వాళ్ల రెక్‌లెస్ రకాల్లో బండికి కట్టిన జీను, అంటే సంచుల్ని పట్టుకునే పట్టాల అమరిక, అలాగే ఉంటుంది, దాని ఒరల్లోంచి డ్రై బ్యాగులు మాత్రం బయటికి లాగేసుకోవచ్చు, ఫ్రేము అక్కర్లేదు. క్రీగా ఓవర్‌ల్యాండర్ పద్ధతి వేరు, ఫ్రేముకు ఒక పలక బిగించి దాని మీద కావల్సినన్ని చిన్న సంచులు కట్టుకోవడం. జెయింట్ లూప్ వాళ్లది గుర్రపు నాడా ఆకారంలో సీటు వెనక చుట్టుకునే ఒకే సంచి, సన్నటి మట్టి దారుల్లో తిరిగే తేలిక బండ్లకు సరిగ్గా సరిపోతుంది కానీ దాని వంపుల్లో సామాను సర్దడం ఒక విద్య. నాలాగా రోజుకో బస మారేవాడికి మొదటిదే నయం. ఒకేచోట గుడారం వేసుకుని నాలుగు రోజులు ఉండేవాళ్లు ఈ గొడవ పట్టించుకోకపోయినా పర్లేదు.

నాలుగో రోజు పడ్డాను. పెద్ద స్పీడేం లేదు, గులకరాళ్ల మలుపులో ముందు చక్రం జారింది, ఎడమ పక్కకి ఒరిగిపోయాను, కాలు సంచి కింద ఇరుక్కుంది. సంచి అణిగింది. కాలు మెల్లగా లాగేసుకున్నాను. చీలమండ మీద రెండు రోజులు నీలం మచ్చ ఉంది, ఆ పక్క సంచిలో టూత్‌పేస్ట్ పగిలి బట్టలన్నీ పుదీనా వాసన. మావాడు తన పెట్టె వంక ఒకసారి, నా కాలి వంక ఒకసారి చూశాడు. మెట్ల దగ్గర పడ్డ అవమానం అక్కడితో సగం తీరింది.

ఐదో రోజు వాన. చిన్న జల్లు కాదు, పొద్దున ఎనిమిదికి పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "వాటర్‌ప్రూఫ్" అన్న మాట సంచుల మీద రకరకాల అర్థాలతో రాసి ఉంటుంది. కుట్టిన సంచికి సూది దిగిన ప్రతి చోటా రంధ్రం ఉంటుంది, గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు దగ్గర నీరు ఊరుతుంది, లోపలి నించి టేపు వేస్తే కొంత ఆగుతుంది. టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ పూతో పీవీసీ పూతో ఉన్న గుడ్డను వేడితో అతికించి చేసిన సంచికి ఆ బాధ లేదు. పూత వేసిన జిప్పు జల్లును ఆపుతుంది, కానీ వెనక చక్రం ఎగజిమ్మే నీళ్లు గంటల తరబడి కొడుతుంటే ఆగదు, ఇసక పట్టిందంటే లాగేటప్పుడు కరకరమంటుంది. రెయిన్ కవర్ గురించి చెప్పేది తక్కువే: నాది మూడో గంటలో బుడగలా ఉబ్బి ఎగిరిపోయింది, వెనకొచ్చే మావాడి హెల్మెట్‌కు తగలనందుకు సంతోషం.

డఫెల్ అతికించిన రకమే, దాని మీద నాకు గట్టి నమ్మకం. రోల్‌-టాప్‌ను కనీసం మూడు చుట్లు చుట్టాలి, అప్పుడే మూత మూత. నేను మూతి దాకా కుక్కడంతో ఒకటిన్నర చుట్టు కంటే రాలేదు. సాయంత్రం విప్పితే స్లీపింగ్ బ్యాగు అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి, బకెట్లో నిలిచినట్టు. నీటిని లోపలికి రానివ్వని గుడ్డ, వచ్చిన నీటిని బయటికీ పోనివ్వదు మరి. అందుకే లీటర్ల లెక్క చూసేటప్పుడు మూడు చుట్లకు పోయే చోటు తీసేసి చూడాలి, నలభై లీటర్ల సంచిలో ముప్ఫై రెండు లీటర్ల సామాను పెడితే అది నిండినట్టే. తమాషా ఏంటంటే పక్క సంచులు మామూలు కుట్టు రకం, లోపల పల్చటి డ్రై బ్యాగుల్లో బట్టలు పెట్టాను, బయటి సంచి తడిసి ముద్దయినా బట్టలు పొడిగా ఉన్నాయి.

డెనియర్ లెక్కలు చూసి కూడా బోల్తా పడకండి. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, అంతే. 1000 డెనియర్ అంటే దారం లావు తెలిసింది కానీ అది నైలానా పాలిస్టరా, నేత ఎంత దగ్గరగా ఉంది, పూత ఏంటి అన్నది తెలియలేదు. ఒకే అంకె ఉన్నా రోడ్డు మీద రాసుకున్నప్పుడు మంచి నైలాన్ ఎక్కువసేపు తట్టుకుంటుంది, పాలిస్టర్ ఎండకు తట్టుకుంటుంది.

ఆ తడి స్లీపింగ్ బ్యాగుతోనే ఆరో రాత్రి గుడారంలో పడుకోవాల్సి వచ్చింది. క్యాంపు చోటు బాగుంది, నీళ్లు దగ్గర, నేల చదును, బాత్‌రూమ్‌లు మాత్రం ఎవరికీ చెప్పుకోలేని స్థితిలో ఉన్నాయి. అక్కడ సంచులు గెలిచాయి. గుడారంలోకి తెచ్చుకున్నాను, ఒకటి తలకింద దిండు. మావాడి పెట్టె కుర్చీగా పనికొచ్చిందనుకోండి, అది ఒప్పుకోవాలి.

ఏడో రోజు నా వెనక టైరు పంక్చర్. టూల్స్, పంపు ఎడమ సంచి అడుగున, బట్టల కింద. బరువున్నవి కిందికి పెట్టమన్నారు కదా అని పెట్టాను, బరువు కిందికి, ముందుకి ఉండాలన్నది నిజమే, కానీ దాన్ని బయటి జేబులో కిందికి పెట్టొచ్చని తోచలేదు. రోడ్డు పక్కన నా లోదుస్తుల ఎగ్జిబిషన్ పెట్టి మరీ తీశాను. ట్యూబు అతుక్కోలేదు, ఎలాగో ఒక పంక్చర్ షాపు దాకా తెచ్చాం. ఈ ట్రిప్పు మొత్తంలో నేను పూర్తి మార్కులు వేసే సర్వీసు అదొక్కటే. ఆయన చక్రం విప్పే ముందు చెయిన్ దగ్గర వంగి, ఏదో వేలితో పట్టుకుని లాగాడు.

"సార్, ఇది మీదేనా?"

సంచి పట్టా కొస. జానెడు పొడవు బయటికి వేలాడుతున్నది వెనక పళ్ల చక్రం దగ్గర నలిగి చీపురు పుల్లల్లా విడిపోయి ఉంది, నల్లటి గ్రీజుతో. ఇంకాస్త లోపలికి పోయుంటే చెయిన్‌లో చుట్టుకుని చక్రం బిగుసుకుపోయేది. ఆయన ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. మూలనున్న పాత ట్యూబు తీసుకుని కత్తెరతో అంగుళం వెడల్పు రింగులు కోసి, నా పట్టాల కొసలన్నీ మడిచి ఒక్కోదానికి ఒక్కో రింగు తొడిగాడు. దానికి విడిగా ఏమీ తీసుకోలేదు. డఫెల్ మీద నేను అదనంగా వేసిన బంజీ తాడును కూడా చూసి, కొక్కెం జారితే కంటికి తగులుతుందని తీయించేశాడు.

సంచులకున్న అసలైన లోపం ఎనిమిదో రోజు బయటపడింది. కొండ మీది కోట చూడాలనుకున్నాం, పైకి గంట నడక. సామాను దాచే గది మూసి ఉంది, పార్కింగ్‌లో మనిషి లేడు. మావాడు పెట్టెలకు తాళం వేసి వెళ్లొచ్చాడు. సంచికి తాళం ఏం వేస్తాం, చిన్న కత్తి చాలు. తీగ వలలు, కేబుల్ తాళాలు దొరుకుతాయి, అవి సంచిని మొత్తంగా ఎత్తుకుపోకుండా ఆపుతాయి, దొంగకు కాస్త ఆలస్యం చేస్తాయి, అంతకుమించి ఆశించకూడదు. నేను చెట్టు కింద కూర్చుని కోటను కింద నించే చూశాను. ఇలాంటి చోట్లు ఎక్కువున్న ట్రిప్పుకు, అదీ తారు రోడ్డయితే, నేనే పెట్టెలు తీసుకుంటాను.

ట్యాంక్ బ్యాగు సంగతి మర్చిపోయా. అయస్కాంతాల రకం కొనేముందు ట్యాంకు ఇనుముదో కాదో చూసుకోండి, ప్లాస్టిక్, అల్యూమినియం ట్యాంకుల మీద అది నిలవదు. నాది పట్టాల రకం, బాగానే కూర్చుంది, కాకపోతే నిండుగా ఉన్నప్పుడు హ్యాండిల్ పూర్తిగా తిప్పితే హారన్ నొక్కుకుపోయేది. నిద్రపోతున్న ఊళ్లో తెల్లవారుజామున బండి వెనక్కి తిప్పుతూ ఒక వీధి మొత్తాన్ని లేపాను.

ఇంటికొచ్చాక సంచులు కడిగి ఆరేశాను, చిల్లుకు అతుకు వేయించాను. సంచుల కింద ట్యాంకు పక్కల పెయింటు మసకబారింది, మధ్యలో చిక్కుకున్న మట్టి గరుకు కాగితంలా రుద్దేసింది, ముందే పారదర్శకమైన ఫిల్ము అతికించి ఉండాల్సింది. వచ్చే ట్రిప్పుకు జీను బండి మీదే ఉండిపోయే రకం చూస్తున్నాను, వెనక లైటుకూ ఇండికేటర్లకూ అడ్డం రాకుండా ఏది కూర్చుంటుందో ఈసారి సామాను నింపి, మనిషి కూర్చుని మరీ కొలుస్తాను. ట్యూబు రింగులు మాత్రం ఇప్పటికే విప్పి టూల్స్ సంచిలో వేసి పెట్టాను, మొత్తం పదకొండు ఉన్నాయి, రెండు ఎక్కడో పడిపోయాయి.