కమ్యూనిటీ గార్డెన్‌ని అధ్యయనం చేయాలంటే సర్వే మేలా, ట్రయల్ మేలా, పార పట్టుకోవడం మేలా?

కమ్యూనిటీ గార్డెన్ (తలా ఒక మడి తీసుకుని పండించుకునే ఉమ్మడి తోట) మీద, అందులో పనిచేసేవాళ్ల మీద స్టడీ చేద్దామని ఎవరు మొదలుపెట్టినా ముందు తయారుచేసేది ప్రశ్నపత్రమే. నేనూ అదే చేశాను. అందులో ఒక ప్రశ్న, "వారానికి ఎన్ని గంటలు తోటపని చేస్తారు?" ఒక పెద్దాయన "2" అని రాసిచ్చారు. తర్వాత కొన్ని వారాలు ఆయన పక్క మడిలోనే కలుపు తీశాను కాబట్టి తెలిసింది, ఆయన రోజూ సాయంత్రం వస్తారు. మోకాళ్ల నొప్పులున్న ఇంకొకావిడ మడికి నీళ్లు మోసిపెడతారు, ఎవరి పందిరి ఒరిగినా కట్టి నిలబెడతారు, చీకటి పడేదాకా కుళాయి దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లతో మాట్లాడతారు. మరి ఇవన్నీ ఎందుకు రాయలేదంటే, "అది పనెందుకవుతుందమ్మా?" అన్నారు. నా లెక్కలో మాత్రం ఆయన వారానికి రెండు గంటల మనిషి.

అలాగని సర్వేని కొట్టిపారేయలేం. తక్కువ చేతులతో, తక్కువ రోజుల్లో వందలమందిని పలకరించొచ్చు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో 2003లో 766 మందిని ఫోన్‌లో అడిగితే, ఇంట్లో ఒక్కరైనా కమ్యూనిటీ గార్డెన్‌కి వెళ్లేవాళ్లు మిగతావాళ్ల కంటే రోజుకి సగటున 1.4 సార్లు ఎక్కువగా కూరగాయలు, పండ్లు తింటున్నారని తేలింది. సంతోషమే. కానీ తోటకి వెళ్లినందుకు తింటున్నారా, ముందునుంచే ఇష్టంగా తినేవాళ్లు కాబట్టి తోటకి వెళ్లారా? ఎంతమందిని అడిగినా సర్వే ఒక్కటే ఈ ముడి విప్పలేదు.

కొంచెం తెలివిగా పోల్చేవాళ్లూ ఉన్నారు. అమెరికాలోనే సాల్ట్ లేక్ సిటీ మీద 2013లో వచ్చిన స్టడీలో తోటలో పనిచేసేవాళ్ల బీఎంఐని (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) వాళ్ల ఇరుగుపొరుగుతో, తోబుట్టువులతో, భార్య లేదా భర్తతో పోల్చారు. ఇరుగుపొరుగు కంటే, తోబుట్టువుల కంటే తోటవాళ్లది తక్కువ ఉంది, భార్యాభర్తల మధ్య మాత్రం తేడా రాలేదు. ఒకే వంటింట్లో తినే ఇద్దరి మధ్య తేడా రాకపోవడం సహజమే కదా, అందుకే నాకు ఈ పోలిక చాలా నచ్చింది. అయినా ఆ పాత ముడి పూర్తిగా విడలేదు.

దాన్ని విప్పడానికి ట్రయలే, అంటే ప్రయోగమే కావాలి. అమెరికాలోని డెన్వర్ చుట్టుపక్కల 37 తోటల్లో 291 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. లాటరీలా వేసి సగం మందికి అప్పుడే మడి ఇచ్చారు, మిగతా సగాన్ని ఒక ఏడాది ఆగమన్నారు. మడి దొరికినవాళ్లు ఆగినవాళ్ల కంటే రోజుకి 1.41 గ్రాముల పీచు ఎక్కువ తిన్నారు, వారానికి 40 నిమిషాలకు పైగా ఎక్కువ ఒళ్లు వంచారు, స్ట్రెస్, ఆందోళన కూడా తగ్గాయి. బీఎంఐలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ముందు స్టడీలో కనిపించిన బరువు తేడా అంతా తోట పుణ్యమేనని గట్టిగా అనలేం (ఒక్క సీజన్‌లో బరువు మారాలని ఆశించడం కూడా ఎక్కువేలెండి). ఇలా కారణాన్ని, యాదృచ్ఛికాన్ని వేరుచేసి చూపించడంలో ట్రయల్‌కి సాటి లేదు. కాకపోతే దానికి డబ్బు, టీమ్, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. పైగా ఏం కొలవాలో ముందే తెలిసుండాలి. కుళాయి దగ్గర కూర్చునే పెద్దాయన సంగతి తెలియనివాళ్లు దానికోసం ప్రశ్న ఎలా రాస్తారు?

అందుకే నా ఓటు పార పట్టుకుని వాళ్లతో కలిసి పనిచేయడానికే. న్యూయార్క్‌లో లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) కమ్యూనిటీ గార్డెన్లు 20 తీసుకుని, తోటవాళ్లతో కూర్చుని మాట్లాడి చేసిన స్టడీ ఒకటి 2004లో వచ్చింది. వాళ్లు ఆ స్థలాన్ని పంట పండించే చోటుగా కంటే నలుగురూ కలుసుకునే చోటుగానే ఎక్కువ చూస్తున్నారని అందులో తేలింది. ఎన్ని కిలోలు పండింది అనే ప్రశ్నతో మాత్రమే వెళ్తే ఆ విషయం ఎప్పటికీ చేతికి రాదు. ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. నెలలు పడుతుంది, నాలుగు రోజులు పోయేసరికి వాళ్లు స్నేహితులైపోతారు, అప్పుడు తోటలో జరిగే గొడవల గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. పైగా ఒకటి రెండు తోటలు చూసి అన్ని తోటలూ ఇంతే అనడానికి లేదు. అందుకని మొదటి రెండు నెలలు మడిలో పనిచేసి, వాళ్ల మాటల్లోంచే ప్రశ్నలు ఏరుకుని, ఆ తర్వాత చిన్న సర్వే పెట్టండి. పంట తూకం కావాలంటే త్రాసు, నోట్‌బుక్ వాళ్ల చేతికే ఇవ్వండి, న్యూయార్క్‌లో ఫార్మింగ్ కాంక్రీట్ అనే ప్రాజెక్టు అలాగే నడిచింది.

ట్రయల్ నుంచి మాత్రం ఒకటి తప్పకుండా అప్పు తెచ్చుకోండి: వెయిటింగ్ లిస్ట్. మడి కోసం ఎదురుచూసేవాళ్లకీ తోటంటే అంతే ఇష్టం, ఇంకా తోట మాత్రం దొరకలేదు, కాబట్టి పోల్చడానికి వాళ్లంత దగ్గరివాళ్లు దొరకరు. లాటరీ వేయలేకపోయినా వాళ్లని అడగడానికి అడ్డేమీ లేదు.

ఇంకొకటి, ఏ పద్ధతి పట్టుకున్నా సరే మధ్యలో మానేసినవాళ్లని వదిలిపెట్టొద్దు. తోటలో నిలబడి అడిగితే తోటలో ఉన్నవాళ్లే జవాబిస్తారు, వాళ్లకి అది నచ్చింది కాబట్టే అక్కడున్నారు. నేను చూసిన తోటలో ఒక మడి నడుం ఎత్తు కలుపుతో నిండిపోయి ఉండేది. బద్ధకం అనుకున్నారందరూ. ఆ మడి తీసుకున్నావిడ నంబరు కనుక్కుని ఫోన్ చేస్తే, పని షిఫ్ట్ మారిందని, తను వచ్చే వేళకి గేటుకి తాళం వేసి ఉంటోందని చెప్పింది.